“నడుస్తడా అయ్యగారూ?”



ఈ నెల శ్రమదినముల ధ్యానం గురించి రాయాలని అనుకున్నాము. కానీ క్రిస్మస్ సెలవుల్లో మా గోలేటి సంఘానికి చెందిన ఒక అమ్మాయి ఇంటికి వచ్చి అడిగిన మాట మనసులో నుండి పోలేదు. కాబట్టి దాన్నే మీ ముందు పెడుతున్నాము.

ఆ అమ్మాయి తండ్రి బాయిలో కోల్ ఫిల్లరుగా పనిచేసి దిగిపోయిన విశ్వాసి. ఆమెకు ఎం.బి.బి.ఎస్. సీటు వచ్చినప్పుడు సంఘమంతా స్తుతి కూటం పెట్టుకున్నాము. ఇప్పుడు ఎం.డి. చివరి సంవత్సరంలో ఉన్నది. ఎం.బి.బి.ఎస్. అయిన తర్వాత మూడేళ్లు ఆసుపత్రిలోనే ఉండి, రాత్రింబవళ్లు పనిచేస్తూ ఒక విభాగాన్ని నేర్చుకునే ఇలాంటి వారిని రెసిడెంట్ డాక్టర్లు అంటారు. ఆమె తీసుకున్నది పునరావాస వైద్యం. ఈ సంగతి ఆరాధనలో ప్రకటించిన రోజు మా సంఘ పెద్ద ఒకాయన బయట చెప్పులు తొడుక్కుంటూ, “పునరావాసమంటే ఓపెన్‌కాస్టుల భూములు పోయినోళ్లకు ఇండ్లిచ్చేది కదా, దానికి డాక్టరెందుకు?” అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. మన గనుల ప్రాంతంలో ఆ మాటకు అదే అర్థం.

అయితే ఆలోచిస్తే అది ఇదీ ఒకటే అనిపిస్తుంది. ఉన్న ఊరు పోయినవానికి ఇంకో చోట బతుకు కట్టి ఇవ్వడం అది. నడుము విరిగి, కాలు పోయి, పక్షవాతం వచ్చి, తనకు తెలిసిన శరీరం పోయినవానికి మిగిలిన శరీరంలోనే మళ్లీ కాపురం పెట్టించడం ఇది. ఆపరేషన్ చేసేవారు వేరు. ఆపరేషన్ అయ్యాక మంచం మీద నుండి కుర్చీలోకి, కుర్చీలో నుండి స్నానానికి, స్నానం నుండి పనికి ఆ మనిషిని నడిపించేవారు వీరు. ఫిజియోథెరపిస్టు, నర్సు, కృత్రిమ కాళ్లు చేసేవారు, ఇంటివారితో మాట్లాడే సోషల్ వర్కరు, అందరూ కలిసి చేసే పని ఇది. ఆ జట్టుకు ముందు నిలిచేది ఈ డాక్టరు.

ఆ అమ్మాయి అన్నది ఇదీ: “అయ్యగారూ, వార్డుల అన్నీ చేయగలను. మా సార్లున్నరు, థెరపిస్టులున్నరు, పేషంటు మంచం మీదనే ఉంటడు. కొన్ని నెలలైతే నా చదువు అయిపోతది. బయటికొచ్చి ఒక్కదాన్నే కూసున్నంక ఏం చేయాల్నో భయమైతుంది.”

మేము వెంటనే జవాబు చెప్పలేదు. ఒక సహోదరుడు మాకు గుర్తుకు వచ్చాడు.

2004లో ఆయనకు ముప్పై ఎనిమిదేళ్లు. రెండో షిఫ్టులో బాయిలోకి దిగినప్పుడు పైకప్పు నుండి బండ జారి నడుము మీద పడింది. నగరంలో పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. వారి పని వారు బాగానే చేశారని ఇప్పటికీ నమ్ముతాము. కొన్ని వారాల తర్వాత అంబులెన్సులో క్వార్టరుకు తెచ్చారు. డిశ్చార్జి కాగితం మీద ఒక యువ డాక్టరు సంతకం ఉంది. అందులో మందుల పేర్లు, మళ్లీ రావలసిన తేదీ రాసి ఉన్నాయి. ఆ క్వార్టరుకు మూడు మెట్లు ఉన్నాయని, మరుగుదొడ్డి వెనుక వాకిట్లో ఉందని ఆ డాక్టరుకు ఎవరు చెప్పాలి? ఆయన అడగలేదు, వీరు చెప్పలేదు.

మేము వెళ్లి ప్రార్థన చేశాము. పండ్లు తీసుకువెళ్లాము. “నడుముకు దెబ్బ తగిలింది, కదిలించకండి” అని ఆయన భార్యకు చెప్పినవారిలో మేమూ ఉన్నాము. ఈ మాట రాయడానికి చేయి వణుకుతున్నది, అయినా రాస్తున్నాము. స్పర్శ లేని శరీరాన్ని రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి. తిప్పకపోతే ఎముక కింద నలిగిన చోట రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది. నొప్పి తెలియదు గనుక ఆ మనిషి చెప్పలేడు. ఆయన భార్య మా మాట విని, ప్రేమతో, భక్తితో ఆయనను కదిలించలేదు. పుండు చూసేసరికి అది ఎముక దాకా పోయింది. పద్నాలుగు నెలలు బతికాడు. సమాధి కార్యక్రమం మేమే చేశాము. దేవుని చిత్తం అని చెప్పాము. తర్వాత తెలిసింది, ఆ బిడ్డ మీదికి వచ్చినదానిలో చాలా భాగం మన తెలియనితనం అని. దాన్ని దేవుని మీద పెట్టకూడదు.

ఒకప్పుడు వెన్నుపూస దెబ్బతిన్నవారందరిదీ ఇదే గతి. పుండు పట్టో, మూత్రంలో చీము పట్టో, ఎక్కువమంది కొద్ది కాలానికే పోయేవారు. జర్మనీ నుండి ప్రాణం దక్కించుకుని ఇంగ్లండుకు వచ్చిన లుడ్విగ్ గుట్‌మన్ అనే యూదు డాక్టరు 1944లో స్టోక్ మాండెవిల్ అనే చోట వార్డు తెరిచి, సైనికులను వేళకు తిప్పించి, కూర్చోబెట్టి, పనిలో పెట్టి, ఆ గతిని మార్చాడు. 1948లో చక్రాల కుర్చీలలో ఉన్నవారికి విలువిద్య పోటీ పెట్టినది ఆయనే. నేటి పారాలింపిక్స్‌కు మొదలు అదే.

మన దేశంలో ఈ వైద్యం వేరూనిన కథ మన క్రైస్తవ కుటుంబాలు పిల్లలకు చెప్పవలసిన కథ. డాక్టర్ మేరీ వర్గీస్ కేరళ బిడ్డ. వెల్లూరు సి.ఎం.సి.లో చదివి, అక్కడే పనిచేస్తున్న యువ డాక్టరు. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడింది. ముఖం మీద కూడా దెబ్బలు. అక్కడే కుష్ఠరోగుల చేతులకు ఆపరేషన్లు చేస్తున్న డాక్టర్ పాల్ బ్రాండ్, కూర్చుని చేయగల శస్త్రచికిత్స ఉంది కదా అని ఆమెను ప్రోత్సహించాడు. చక్రాల కుర్చీలో కూర్చుని ఆమె ఆ రోగుల చేతులు బాగు చేసింది. తర్వాత ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు రోగిగా వెళ్లి తన పని తాను చేసుకోవడం నేర్చుకున్నది. ఆపైన న్యూయార్క్‌లో హోవర్డ్ రస్క్ అనే డాక్టరు దగ్గరకు విద్యార్థిగా వెళ్లి, ఇతరులకు ఆ పని నేర్పే విద్య సంపాదించింది. తిరిగి వచ్చి వెల్లూరులో ఈ విభాగాన్ని నడిపింది. 1966లో అక్కడ బాగాయంలో రోగులు ఉండి నేర్చుకునే పునరావాస కేంద్రం తెరిచారు. ప్రభుత్వం 1972లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. 1986లో ప్రభువు దగ్గరకు వెళ్లింది.

ఇందులో మాకు నచ్చినది పద్మశ్రీ కాదు. ఆ తల్లి ముందు రోగిగా నేర్చుకుని, తర్వాత డాక్టరుగా నేర్చుకున్నది. మెట్టు ఎంత ఎత్తుంటుందో ఆమెకు పుస్తకంలో చదవనవసరం లేదు. మిగిలిన డాక్టర్లు కాళ్లున్నవారు. వారికి ఆ మెట్టు ఎవరో చూపించాలి.

దాన్ని చూపించే తీరు మేము కళ్లారా చూశాము. 2013లో మా సంఘపు యువకుడొకడు లారీ మీద నుండి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. ఈసారి తెలివి తెచ్చుకుని, అతడిని రైలులో కాట్పాడి తీసుకుపోయి వెల్లూరులో చేర్చాము. వారం రోజులు మేము వెంట ఉన్నాము. అక్కడ ఒక రెసిడెంటు, వయసు ఇరవై తొమ్మిదో ముప్పయ్యో, స్టూలు లాక్కుని ఆ పిల్లవాని తల్లి ఎదుట కూర్చున్నాడు. తమిళం, వచ్చీరాని తెలుగు కలిపి అడిగాడు. ఇంటి తలుపు వెడల్పు ఎంత? నీళ్లు కుళాయివా, బోరింగువా? రాత్రి పక్కన పడుకునేది ఎవరు? పొలానికి పోతే ఇంట్లో ఎవరుంటారు? తర్వాత పిల్లవానిని పక్కకు తిప్పడం ఆమెతోనే చేయించాడు. తాను చేతులు కట్టుకుని చూశాడు. తప్పు చేస్తే మళ్లీ చేయించాడు. గొట్టంతో వేళకు మూత్రం తీసుకోవడం ఆ పిల్లవానికే నేర్పించారు. సిగ్గుపడితే నవ్వకుండా, కోప్పడకుండా మళ్లీ చెప్పారు. ఆ రెసిడెంటు వెనుక గోడకు ఆనుకుని అతని గురువు నిలబడి ఉన్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. బయటికి వచ్చాక మాత్రం ఇద్దరూ వరండాలో చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఆ పిల్లవాడు ఈ రోజు రెబ్బెన దారిలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాడు. పెళ్లి అయింది. బేరం ఆడితే మాత్రం వినడు.

ఆ గురువు గోడకు ఆనుకుని నిలబడడం చూసినప్పుడు మా సేవ మొదటి రోజులు గుర్తుకు వచ్చాయి. థియాలజీ డిప్లొమా చేతికి వచ్చిన నాడు మాకు రోమా పత్రిక మీద గంట ప్రసంగం చేయడం వచ్చు. చనిపోయినవారి ఇంట్లోకి వెళ్లి ఎక్కడ కూర్చోవాలో రాదు. సంఘము మమ్మల్ని ఒక్కసారిగా వదలలేదు. ప్రొబేషనరుగా ఒక పెద్ద అయ్యగారి వద్ద ఉంచారు. ఆయన సైకిలు వెనుక మా సైకిలు. మొదటి సమాధి కార్యక్రమంలో మేము చనిపోయిన వ్యక్తి పేరుకు బదులు ఆయన అన్న పేరు చదివాము, ఆ అన్న ఎదుటే నిలబడి ఉన్నాడు. పెద్ద అయ్యగారు అక్కడ ఏమీ అనలేదు. తిరిగి వస్తూ చెరువు కట్ట మీద సైకిలు ఆపి, “కార్డు మీద పేరు రాసుకో నాయనా, బైబిల్లో పెట్టుకో” అన్నారు. ఇప్పటికీ రాసుకుంటాము. యేసు ప్రభువు కూడా శిష్యులను ఇద్దరిద్దరిగా పంపాడు. లూకా సువార్త 10వ అధ్యాయములో వారు తిరిగి వచ్చి జరిగినది చెప్పుకుంటే ఆయన విన్నాడు. పంపడంతో ఆయన పని అయిపోలేదు.

అందుచేత ఆ అమ్మాయికి మేము ఇచ్చిన మొదటి సలహా, చివరి నెలలు పరీక్ష పుస్తకాలకే ఇవ్వవద్దని. నీవు ఇంటికి పంపిన రోగులలో కొందరిని మూడు నెలలకు, ఆరు నెలలకు పోయి చూడు, నీవు చెప్పినది ఆ ఇంట్లో ఎంత మిగిలిందో తెలుస్తుంది అన్నాము. డాక్టర్లకు పాస్టరు సలహా ఏమిటని మీరు నవ్వవచ్చు. ఆ అమ్మాయి నవ్వలేదు. వెల్లూరులో పాత రోగులందరినీ ఏటా పిలిచి మేళా చేస్తారని, అక్కడ రెసిడెంట్లు నేర్చుకునేది వార్డులో నేర్చుకోలేరని తన సార్లు చెప్పారట. పి.జి. డాక్టర్లు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నిబంధన 2020లో వచ్చింది. ఆమె ఆ మూడు నెలలు చేసింది. అక్కడ థెరపిస్టు ఒక్కరే. పరికరాలు గదిలో తాళం వేసి ఉన్నాయి. మొదటి నెల ఏడ్చానని, మూడో నెలకు వెల్డరు చేత జి.ఐ. పైపులతో పట్టుకుని నడిచే కమ్మీలు చేయించానని చెప్పింది. మాకు ఆ వెల్డరును చూడాలని ఉంది.

ఇంకొక కష్టం మన గనుల ప్రాంతానిదే. ఇక్కడ దెబ్బతిన్న మనిషి డాక్టరును మొదట అడిగేది “బాగైతనా” అని కాదు, “అన్‌ఫిట్ అయితదా” అని. మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుకుకు ఉద్యోగం వస్తుంది. ఆ ఆశలో తప్పు పట్టలేము, మన ఇళ్లలో ఎన్ని కుటుంబాలు దాని మీద నిలబడ్డాయో మనకు తెలుసు. కానీ కర్ర సాయంతో నడవగలిగినవాడు, నడిస్తే అన్‌ఫిట్ పోతుందని మంచం దిగడు. అలాగే వికలాంగుల ధృవపత్రం. 2016 చట్టం ప్రకారం 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, ఎక్కువ మేలులకు 40 శాతం ఉండాలి. తెలంగాణలో ఆ పింఛను 2023లో 4,016 రూపాయలకు పెంచారు. బీద ఇంటికి అది చిన్న సొమ్ము కాదు. 38 శాతం అని రాసే డాక్టరు కలానికి, తెలిసినవారు, చుట్టాలు, ఊరి పెద్దలు అందరూ అడ్డుపడతారు. చదువుకునేటప్పుడు ఆ సంతకం గురువుది. బయటికి వచ్చిన రోజు నుండి తనది. “మీరూ చీటీ రాసి పంపుతరా అయ్యగారూ, జర చూడమని?” అని ఆ అమ్మాయి సూటిగా అడిగింది. గతంలో రాశాము. ఇక రాయమని మాట ఇచ్చాము.

కానీ ఆమెను ఎక్కువ బాధపెట్టినది ఇవేవీ కాదు. “నడుస్తడా?” అన్న ప్రశ్న. ప్రతి తల్లి, ప్రతి భార్య అడుగుతుంది. వెన్నుపాము పూర్తిగా తెగినవాడు నడవడని డాక్టరుకు తెలుసు. ఆసుపత్రిలో ఉండగా ఆ మాట పెద్ద సారు చెప్పేవాడు. కొందరు సార్లు చెప్పకుండా, “చూద్దాం, ఫిజియో చేయించండి” అని పంపేవారు. ఆ “చూద్దాం” పట్టుకుని కుటుంబాలు ఎకరాలు అమ్ముకుని ఊరూరా తిరిగాయి. నిజం చెప్పినచోట, తాను తమ విశ్వాసాన్ని కొట్టిందని మనవాళ్లే ఆమెను తిట్టారు. ఒక ఇంట్లో, ఎవరో సేవకుడు వచ్చి ప్రార్థన చేసి, చక్రాల కుర్చీ తీసేస్తేనే విశ్వాసం అన్నాడట. తీసేశారు. మళ్లీ మంచం, మళ్లీ పుండు.

ఇక్కడ మేము ఒక మాట చెప్పాలి. ప్రభువు స్వస్థపరచగలడని మేము నమ్ముతాము, ప్రకటిస్తాము. అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయములో శృంగారమను ద్వారము వద్ద కూర్చున్నవాని కథ మాకు ప్రియమైనది. అయితే రెండవ సమూయేలు 9వ అధ్యాయము కూడా వాక్యమే. మెఫీబోషెతుకు రెండు కాళ్లూ కుంటివి. దావీదు అతనిని లోదెబారు నుండి పిలిపించాడు, తాతల పొలము తిరిగి ఇప్పించాడు, దాన్ని సాగుచేయడానికి సీబాను, అతని కొడుకులను పెట్టాడు, రాజు బల్ల వద్ద భోజనానికి కూర్చోబెట్టాడు. అధ్యాయము చివర కూడా అతని కాళ్లు కుంటివే. అక్కడ దేవుడు ఏమీ చేయలేదని ఎవరైనా అనగలరా? ఇరవై ఏళ్లకు పైగా ప్రసంగాలు చేస్తున్నాము, ఆ చివరి మాట మీద ఒక్కసారి కూడా ఆగలేదు.

అప్పుడు ఆమె అడిగింది: “నడవడు అని నేను చెప్పే రోజు, మీరు పక్కన ఉంటరా?”

క్రిస్మస్ సెలవుల్లో ఆమె అడిగిన మాట అంటూ మొదట రాసినది ఇదే. ఉంటామని చెప్పాము. అయితే ఉండడం కూడా నేర్చుకోవాలి కదా. జనవరి మొదటి వారంలో ఆమె తిరిగి వెళ్లేలోగా, ఆమెతో కలిసి మన సంఘములోనే నాలుగు ఇళ్లకు వెళ్లాము. మూడు ఇళ్లలో పక్షవాతం, ఒక ఇంట్లో షుగరు వల్ల కాలు తీసేసిన అమ్మ. ఒక ఇంట్లో శిబిరంలో ఇచ్చిన చక్రాల కుర్చీ మేకల కొట్టంలో ఉంది. దాని మీద గడ్డిమోపు. ఎందుకు వాడరని అడిగితే ఇంటాయన తలుపు చూపించాడు. కుర్చీ వెడల్పు 26 అంగుళాలు, తలుపు 24. ఆమె తలుపు ఊడదీయమనలేదు. చెక్క సీటుకు చిన్న చక్రాలు బిగించి లోపల వాడుకోవడానికి ఒకటి చేయించవచ్చని కాగితం మీద గీసి చూపించింది. ఒక ఇంట్లో ఆ పెద్దాయన భార్య అడగనే అడిగింది, “చెయ్యి వస్తదా బిడ్డా?” ఆమె మంచం మీద కూర్చుని ఆ చేయి పట్టుకుని, రెండేళ్లయింది పెద్దమ్మా, ఈ చెయ్యి ఇంక పెద్దగా రాదు, ఎడమ చేత్తో ముద్ద పెట్టుకునుడు నేర్పుత అన్నది. ఆ తల్లి ఏడ్చింది. మేము పక్కన ఉన్నాము. ఏం మాట్లాడాలో తెలియక ఆమె ఏడుపు ఆగేదాకా ఊరకే కూర్చున్నాము. బయటికి వచ్చాక ఆ అమ్మాయి, “మీరు మధ్యల ప్రార్థన మొదలుపెట్టలేదు అయ్యగారూ, మంచిగైంది” అన్నది. ప్రార్థన తర్వాత చేశాము లెండి.

2022లో రామగుండంలోను, మంచిర్యాలలోను, 2023లో మన ఆసిఫాబాద్‌లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఇక ముందు యువ డాక్టర్లు మన వైపు ఎక్కువగానే వస్తారు. మీ ఊరి ఇళ్లు చూడాలని వారిలో ఎవరైనా అడిగితే టీ ఇచ్చి పంపకండి. వెంట వెళ్లండి.

ఒక ఆదివారం ఆమె మన మందిరం ముందు కూడా టేపు పట్టింది. మాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజం. మెట్లు మూడు, మొత్తం ఎత్తు 20 అంగుళాలు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు లెక్కన వాలు దారి 20 అడుగులు ఉండాలి. గేటు దాకా ఉన్నది 14 అడుగులే. పక్క గోడ వెంబడి తిప్పితే సరిపోతుందని మేస్త్రీ అంటున్నాడు, తిప్పితే ప్రతిష్ఠ శిలాఫలకం తీయవలసి వస్తుంది. ఆ శిలాఫలకం మీద మా పేరు కూడా ఉన్నది. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత కమిటీ కూర్చుంటుంది.